వై-ఫై అందనప్పుడు కార్యదర్శి చేయవలసిన పనులు

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో ఇంతవరకు పాల నాణ్యత గురించి, పచ్చిమేత గురించి, దూడల పోషణ గురించి మాట్లాడుకున్నాం. ఈ పూట విషయం కొంచెం వేరు. ఇంట్లోని కంప్యూటరుకు వై-ఫై అందకపోతే ఏం చేయాలన్నది విషయం. పాల సంఘానికీ వై-ఫైకీ ఏం సంబంధమని మీలో ఎవరూ అడగరని మాకు తెలుసు. తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రంలోనే నమోదవుతున్న సంఘాల్లో పక్షం బిల్లు తయారుచేసి, ఆ జాబితాను యూనియన్‌కు, బ్యాంకుకు పంపే పని చాలామంది కార్యదర్శులు సాయంత్రం పాలు పోయించుకున్న తర్వాత ఇంటి దగ్గరే చేస్తున్నారు. ఆ రాత్రి వై-ఫై అందలేదంటే సభ్యుల డబ్బు ఆగిందన్నమాట.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాం. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక కార్యదర్శిగారి ఇంట్లో పెళ్ళి జరిగింది. ఇంటికి సున్నాలు వేయించారు, సామాన్లు ఇటువి అటు జరిపారు. పెళ్ళి అయింది, పక్షం ముగిసింది. బిల్లు పంపుదామని కూర్చుంటే కంప్యూటరులో వై-ఫై గుర్తు ఉన్నది గాని, పక్కనే "ఇంటర్నెట్ లేదు" అని కనబడింది. ఆయన తన ఫోను తీసి చూశారు. ఫోనులో అన్నీ వస్తున్నాయి. ఫోనుకు వస్తూ కంప్యూటరుకు రావడం లేదంటే జబ్బు కంప్యూటరుదే అనుకుని మాకు ఫోను చేశారు. మేమూ అలాగే అనుకుని, "పట్నం తీసుకువెళ్ళి చూపించండి" అన్నాం. పట్నంలో దుకాణంవారు డిస్కు పూర్తిగా తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించి ఇచ్చారు. ఆ తుడుపులో పక్షం లెక్కలు కూడా పోయాయి. ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ అదే మాట, "ఇంటర్నెట్ లేదు".

చివరకు మా మనిషి వెళ్ళి బీరువా పక్కకు జరిపి చూస్తే సంగతి తేలింది. సున్నాలప్పుడు జరిపిన బీరువా కాలి కింద సన్నని ఫైబరు తీగ నలిగి ఉంది. బీరువా వెనుక గోడకున్న పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అది ఎవరి కంటా పడలేదు. మరి ఫోనుకు ఎలా వచ్చింది? వై-ఫైలో ఇంటర్నెట్ లేదని గ్రహించి, ఫోను తనంతట తానే సిమ్ము డేటాకు మారిపోయింది. దానిని మేము సాక్ష్యంగా తీసుకున్నాం.

ఆ పక్షం డబ్బు తొమ్మిది రోజులు ఆలస్యమైంది. టెస్టరు చేతిరాత రిజిస్టరు మానకుండా రాస్తున్నాడు కనుక లెక్క మళ్ళీ కట్టగలిగాం. అయితే ఒక్క గేదెతో సంసారం నెట్టుకొస్తున్న ఒక సభ్యురాలు దాణాకు డబ్బు లేక ప్రైవేటు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంది. అడ్వాన్సు తీసుకున్నాక పాలు ఆయనకే పోయాలి. ఆ ఈత పాలన్నీ అటే పోయాయి. కార్యదర్శి డబ్బు వాడుకున్నాడని ఊళ్ళో ఒక మాట కూడా పుట్టింది. ఆయన ఒక్క పైసా ముట్టలేదు. ఇంత జరగడానికి కారణం బీరువా కాలు, దాని తర్వాత మేము తొందరపడి ఇచ్చిన సలహా. అందుకే ఈ పాఠం మేము ముందు నేర్చుకుని మీకు చెబుతున్నాం.

పాలు విరిగాయని డెయిరీ నుండి కబురు వస్తే మనం ఏం చేస్తాం? అన్ని క్యాన్లూ పారబోయము. సభ్యుడి చెంబులో బాగున్నాయా, మన క్యానులో బాగున్నాయా, కూలరులో బాగున్నాయా, ట్యాంకరులో పాడయ్యాయా అని ఒక్కొక్క మజిలీలో చూస్తాం. ఎక్కడివరకు బాగున్నాయో తెలిస్తే ఎక్కడ పాడయ్యాయో దానంతట అదే తెలుస్తుంది. వై-ఫైకీ ఇదే పద్ధతి. మజిలీలు మూడు. వీధిలో నుండి మీ ఇంటి పెట్టెదాకా వచ్చే తీగ ఒకటి. ఆ పెట్టె, అంటే రూటరు, దాని నుండి కంప్యూటరుదాకా గాలిలో సాగే దారి రెండవది. కంప్యూటరు మూడవది. ఏ మజిలీలో తెగిందో తేల్చకుండా దేనినీ విప్పకండి, తుడిపించకండి.

తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. మొదటి పరీక్షకు ఫోను కావాలి. ముందు ఫోనులో సిమ్ము డేటాను ఆపివేయండి. ఈ మాట మరువకండి, మేము మరిచింది ఇదే. ఆ తర్వాత అదే వై-ఫై మీద ఏదైనా పేజీ తెరవండి. ఫోనుకు వచ్చి కంప్యూటరుకు రాకపోతే లోపం కంప్యూటరు వైపు ఉంది. రెండింటికీ రాకపోతే లోపం పెట్టెలోనో, వీధి తీగలోనో ఉంది. రెండవ పరీక్షకు ల్యాన్ తీగ కావాలి. రూటరు వెనుక రంధ్రంలో ఒక కొస, కంప్యూటరులో ఒక కొస పెట్టండి. తీగతో వస్తూ గాలిలో రాకపోతే వీధి తీగ బాగున్నట్లే. ఇక చూడవలసింది గాలి దారి, కంప్యూటరులోని వై-ఫై భాగం. నాలుగు మూరల ల్యాన్ తీగ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. పాలకు లాక్టోమీటరు ఎలాగో దీనికి అది అలాగ.

ఇప్పుడు మజిలీల వారీగా చూద్దాం.

మొదటి మజిలీ వీధి తీగ. ఫైబరు పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా తీగ ద్వారా వెలుతురు రావడం లేదని అర్థం. అప్పుడు కంప్యూటరును ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు. తీగ ఎక్కడైనా మడత పడిందా, తలుపు సందులో నలిగిందా, ఎలుక కొరికిందా చూడండి. లోపల ఉన్నది వెంట్రుకంత గాజు దారం. రాగి తీగను మడిచినట్లు దీనిని మడవకూడదు. తెగిన కొసను కంటికి దగ్గరగా పెట్టి చూడకండి. అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు గాని హాని చేయగలదు. తీగ వేసిన సంస్థకు ఫోను చేసి, "ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా ఉంది" అని ఆ మాటే చెప్పండి. "నెట్ రావడం లేదు" అంటే వారు అన్నీ మొదటి నుండి అడుగుతారు. దీపం సంగతి చెబితే మనిషిని పంపుతారు.

దీపాలన్నీ సరిగానే ఉండి ఎవరికీ రాకపోతే రూటరు ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. అది తిరిగి లేచి నిలబడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపల తొందరపడి మళ్ళీ తీయకండి. వెనుక చిన్న రంధ్రంలో సూదితో నొక్కే రీసెట్ మీట ఒకటి ఉంటుంది. దాని జోలికి పోకండి. దానిని కొద్ది సేపు నొక్కి ఉంచితే పేరు, పాస్‌వర్డు, సంస్థవారు పెట్టిన అమరికలు అన్నీ పోతాయి.

రెండవ మజిలీ గాలి దారి. వై-ఫై కూడా రేడియో తరంగమే. దీని మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. వై-ఫై అన్న పేరు 1999లో పెట్టారు. మన ఇళ్ళలోని పెట్టెలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు తరగతుల తరంగాలతో పనిచేస్తాయి. 2.4 తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. 2.4 తరంగం గోడలు దాటి కొంత దూరం పోతుంది గాని వేగం తక్కువ. 5 తరంగం వేగంగా పోతుంది గాని గోడ అడ్డం వస్తే త్వరగా నీరసిస్తుంది. పెట్టె ఉన్న గదిలోనే కూర్చుంటే 5 మీద, వెనుక గదిలోనో వసారాలోనో కూర్చుంటే 2.4 మీద పని చేసుకోండి. పాత కంప్యూటర్లు కొన్నింటికి 5 అసలు కనబడదు. పెట్టెలో 5 ఒక్కటే ఉంచి 2.4 ఆపివేస్తే, అలాంటి కంప్యూటరుకు మీ ఇంటి వై-ఫై పేరే జాబితాలో రాదు. జబ్బు కాదది, అమరిక.

ఈ తరంగాలకు లోహం, నీరు గిట్టవు. లోహం వెనక్కు కొడుతుంది, నీరు పీల్చుకుంటుంది. కాబట్టి రూటరును ఇనుప బీరువాలో దాచడం, ఫ్రిజ్జు వెనుక పెట్టడం, పాల క్యాన్ల వరుస పక్కన పెట్టడం, నీళ్ళ ట్యాంకు గోడకు తగిలించడం మంచిది కాదు. భద్రత కోసం బీరువాలో పెట్టి తాళం వేసినవారిని మేము చూశాం. పెట్టె భద్రంగానే ఉంది, వై-ఫై మాత్రం బయటకు రాలేదు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, నలువైపులా ఖాళీ ఉండేటట్లు పెట్టండి. కాంక్రీటు గోడలో ఇనుప చువ్వలు ఉంటాయి కనుక మట్టి గోడ కంటే ఎక్కువ అడ్డం పడుతుంది. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా 2.4 ప్రాంతంలోనే. అది వెలిగినప్పుడు వై-ఫై తడబడి, ఆరగానే సర్దుకుంటే కారణం వేరే వెతకనక్కరలేదు.

పక్కింటివారి పెట్టెలు కూడా మనకు అడ్డం వస్తాయి. ఒకే రేవులో పది పడవలు దిగినట్లు, ఒకే చానెల్‌లో అందరూ చేరితే అందరికీ ఆలస్యమే. 2.4 తరగతిలో ఒకదానిపై ఒకటి పడని చానెళ్ళు 1, 6, 11. పొద్దున బాగుండి, రాత్రి అందరూ ఇళ్ళకు చేరిన తర్వాత నెమ్మదించే ఇంట్లో చానెల్ మార్చి చూడండి. ఇది రూటరు అమరికల పేజీలో ఉంటుంది. ఆ పేజీ చిరునామా, పాస్‌వర్డు పెట్టె అడుగున అంటించిన చీటీ మీద ఉంటాయి.

మూడవ మజిలీ కంప్యూటరు. ఇక్కడ తేలిక వాటి నుండి బరువైన వాటికి పోవాలి. విమానం గుర్తు, అంటే ఎయిర్‌ప్లేన్ మోడ్, వెలిగి ఉందా చూడండి. పిల్లల చేయి తగిలి అది వెలగడం తరచు జరుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వై-ఫైకి వేరే మీట ఉంటుంది, అదీ చూడండి. కంప్యూటరు మీ ఇంటి పేరుకు బదులు పక్కింటి పేరును పట్టుకుందేమో చూడండి. ఈ మధ్య పాస్‌వర్డు మార్చి ఉంటే, కంప్యూటరులో ఆ పేరును "ఫర్‌గెట్" చేసి కొత్త పాస్‌వర్డుతో మళ్ళీ చేర్చండి. అప్పుడు ఒకసారి కంప్యూటరును పూర్తిగా ఆపి మళ్ళీ వేయండి.

తేదీ, గడియారం కూడా చూడండి. పాత కంప్యూటరులో లోపలి చిన్న గుండు బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కు పోతుంది. తేదీ తప్పైతే బ్యాంకు పేజీ వంటి భద్రమైన పేజీలు తెరుచుకోవు. వై-ఫై బాగుంటుంది, పేజీ రాదు, మనం వై-ఫైని తిడతాం. తేదీ దిద్దితే వెంటనే వస్తుంది. బ్యాటరీ మార్పించడం స్వల్ప ఖర్చు.

ఇంకా రాకపోతే చిరునామా చూడాలి. రూటరు తన దగ్గర చేరిన ప్రతి యంత్రానికి ఒక అంకెల చిరునామా ఇస్తుంది. మనం సభ్యుడికి కోడు నంబరు ఇచ్చినట్లే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టండి. చిరునామా 192.168 తో మొదలైతే చాలావరకు సరిగా ఉన్నట్లు. 169.254 తో మొదలైతే రూటరు నుండి నంబరు అందక కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట. అలాంటప్పుడు వై-ఫై ఆపి వేయడం, రూటరు ఆపి వేయడం చేస్తే సాధారణంగా నంబరు అందుతుంది.

అదే కిటికీలో గేట్‌వే అన్న చోట కనబడే అంకె రూటరుది. పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకె కొట్టండి. జవాబు వస్తే గాలి దారి బాగుంది. మధ్య మధ్య జవాబు తప్పిపోతుంటే గాలి దారిలో అడ్డం ఉంది, పెట్టెకు దగ్గరగా జరిగి మళ్ళీ చూడండి. తర్వాత అలాగే 8.8.8.8 కొట్టండి. దానికి జవాబు వస్తే వీధి తీగ కూడా బాగుంది. ఆ అంకెకు జవాబు వస్తూ ఏ పేజీ పేరు కొట్టినా తెరుచుకోకపోతే, పేరును అంకెగా మార్చి చెప్పే డి.ఎన్.ఎస్. దగ్గర లోపం ఉన్నట్లు. ఆ మాట సంస్థవారికి చెప్పండి. ఈ మూడు జవాబులు కాగితం మీద రాసుకుని ఫోను చేస్తే, మాకైనా వారికైనా అర గంట పని ఐదు నిమిషాల్లో తెములుతుంది.

కొన్ని ల్యాప్‌టాప్‌లు కాసేపు నిద్రపోయి లేచిన తర్వాత వై-ఫైని పట్టుకోవు. కరెంటు పొదుపు కోసం వై-ఫై భాగాన్ని నిద్రపుచ్చే అమరిక దీనికి ఒక కారణం. డివైస్ మేనేజరులో వై-ఫై అడాప్టరు పేరు మీద పవర్ మేనేజ్‌మెంట్ అన్న పేజీ ఉంటే, అక్కడ టిక్కు తీసివేయండి. నెట్‌వర్క్ రీసెట్ అన్నది అన్నిటికంటే చివరి మందు. అది గుర్తుంచుకున్న పాస్‌వర్డులన్నీ తుడిచివేస్తుంది. ముందు పాస్‌వర్డు కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే చేయండి. డిస్కు తుడిపించడం అన్నది వై-ఫైకి మందే కాదు. ఎవరు చెప్పినా, మేము చెప్పినా, లెక్కలు పెన్‌డ్రైవులోకి తీసుకోకుండా కంప్యూటరును ఇంటి గడప దాటించకండి.

పాస్‌వర్డు గురించి ఒక మాట. వీధిలో అందరూ మనవాళ్ళే, నిజమే. అయినా సభ్యుల ఖాతా నంబర్లు ఉన్న కంప్యూటరు, వీధి అంతా వాడే వై-ఫై ఒక చోట ఉండకూడదు. చుట్టాలకు ఇవ్వక తప్పకపోతే రూటరులో గెస్ట్ అనే వేరే పేరు పెట్టి అది ఇవ్వండి. భద్రత అన్న చోట డబ్ల్యు.పి.ఎ.2 గాని, డబ్ల్యు.పి.ఎ.3 గాని ఉండాలి. మొదటిది 2004లో, రెండవది 2018లో వచ్చాయి. అంతకు ముందటి డబ్ల్యు.ఇ.పి. తాళం సులువుగా ఊడుతుంది. పెట్టెలో 3 ఒక్కటే పెడితే పాత కంప్యూటరు చేరలేకపోవచ్చు. అప్పుడు 2, 3 కలిసిన అమరిక ఎంచుకోండి.

ఇన్ని చెప్పినా ఒక్కొక్క రాత్రి ఏదీ పనిచేయదు. గాలివాన వచ్చి స్తంభం పడిందంటే మీరు చేయగలిగింది లేదు. అందుకని మూడు కట్టుబాట్లు పెట్టుకుందాం. బిల్లు జాబితాను గడువు నాటి రాత్రికి వదలకుండా ఒక రోజు ముందే తయారుచేయాలి. ఇంటి వై-ఫై రాకపోతే ఫోనులో హాట్‌స్పాట్ వేసి జాబితా పంపాలి. జాబితా చిన్నది, దానికి ఎక్కువ డేటా పట్టదు. యంత్రం ఎంత బాగున్నా చేతిరాత రిజిస్టరు మానకూడదు. ఆనాడు మమ్మల్ని, ఆ కార్యదర్శిగారి పరువును కాపాడింది టెస్టరు రాసిన ఆ రిజిస్టరే.

ఇంకొక్కటి మిగిలింది. ఆలస్యం తప్పదని తెలిసిన రోజునే కేంద్రం దగ్గర బోర్డు మీద రాయండి. ఏం చెడింది, ఎవరికి చెప్పాం, డబ్బు ఎప్పటికి పడుతుంది, ఈ మూడూ రాయండి. తెల్లవారుజామున చెంబు పట్టుకుని వచ్చిన మనిషికి రూటరు గురించి తెలియనక్కరలేదు గాని, తన డబ్బు సంగతి తెలియాలి. ఆనాడు బోర్డు మీద ఆ నాలుగు ముక్కలు రాసి ఉంటే, ఆ సభ్యురాలు వ్యాపారి గుమ్మం తొక్కకుండా మనల్నే అడిగి ఉండేదేమో. ఆమె ఆ తర్వాత ఈతకు తిరిగి సంఘానికే పాలు పోసింది. అది ఆమె మంచితనం. దానిని మళ్ళీ పరీక్షించే హక్కు మనకు లేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇక్కడే ఒక రూటరు, రెండు కంప్యూటర్లు పెడతాం. మేము ఒక్కొక్క లోపం చేసి పెడతాం, మీరు మజిలీల వారీగా వెతికి పట్టుకోవాలి. చదువు తక్కువని వెనుకాడవద్దు. పాలలో నీళ్ళు కలిస్తే పట్టుకునే మీకు ఇది కష్టమైన పని కాదు.